మా ఆయన రాసిన మెసేజీలు

హలో… ఆ, నేనే… అంటే ఆయన కాదు, ఆయన భార్యని. ఇంటి ఫోను ఎప్పుడు మోగినా తీసేది నేనే. మీరెవరండీ?…

ఎవరూ?… ఇస్త్రీ గారి… అయ్యయ్యో, ఏమనుకోకండి, నోరుజారింది. యూనివర్సిటీలో మీ వారిని అందరూ అలాగే పిలిచేవారటగా. ఇప్పటికీ ఆ పాత క్లాసు గ్రూపులో అదే పేరు… ఆ, మా వారిని ‘మొద్దు’ అనేవారు. అందులో మాత్రం తప్పేం లేదు, కావాలంటే నేను సాక్ష్యం చెబుతాను.

చెప్పండి వదినగారూ… ఉన్నారు, ముందుగదిలో పేపరు చదువుతున్నారు… లేదండీ, నిద్రపోలేదు, పేపరు ఇంకా మొహం మీదకి రాలేదు. పిలవనా?… వద్దా? నాతోనేనా పని?…

శనివారం కలయికకి… రాలేరా? అదేమిటండీ! గ్రూపు నడిపే మైకు గారు హాలు కూడా మాట్లాడేశారు. క్లాసంతా నలభై ఏళ్ళ తర్వాత ఒకచోట చేరుతోంది. అసలు ఆ రోజు ముఖ్యమైన ఘట్టమే మీ వారూ మా వారూనట కదా… ఆ, అదే. విడిపోయిన ప్రాణస్నేహితులు వేదిక మీద కౌగిలించుకుంటారు, మైకు గారు మైకు పట్టుకుని ఏడుస్తారు. కార్యక్రమం కాగితం పంపారు చూడలేదూ? ‘భావోద్వేగం – పది నిమిషాలు’ అని ముందే వేయించారు.

ఏమిటీ, మోకాలా?… అస్సలు నడవలేకపోతున్నారా?… ఎప్పటినుంచి?… నెల నుంచీ.

వదినగారూ… మొన్న ఆదివారం మీ వారు మా వారికి రాశారు కదండీ, ‘ఒరే, పొద్దున్నే పార్కులో మూడు చుట్లు కొట్టాను, నాలుగోది కుక్క కొట్టించింది’ అని?…

హలో?… ఉన్నారా?…

లేదండీ, ఊరికే అడిగాను. ఒకసారి చదివింది నాకు గుర్తుండిపోతుంది, అదో జబ్బు… అంటే, మా వారు చదివి వినిపిస్తారు… అంటే, పక్కన కూర్చుంటే కనపడుతుంది కదా…

అయ్యో, ఏడుస్తున్నారా? ఎందుకండీ?… నిజం చెప్పేయండి. కుంటుతున్నది మీ వారు కాదు, మీ అబద్ధం. ఇక్కడిదాకా చప్పుడు వినిపిస్తోంది.

ఆ… ఆ… ఏమిటీ? మళ్ళీ చెప్పండి… ఆయన రాయలేదా? ఒక్కటి కూడానా?… మొదటినుంచీ… మీరా!

ఒక్క నిమిషం. కుర్చీ లాక్కోనివ్వండి.

నవ్వుతున్నానా? నవ్వడం లేదండీ… సరే, నవ్వుతున్నాను. ఆగండి, ఆగండి, పెట్టేయకండి! మిమ్మల్ని చూసి కాదు… వదినగారూ, మా ఆయనకి సెల్‌ఫోనులో వచ్చిన విద్య ఒక్కటే, టార్చిలైటు వెయ్యడం. ఆర్పడం ఇంకా రాలేదు… అర్థం కాలేదా? ‘ఒరే ఇస్త్రీ’ అని రోజూ మీకు రాస్తున్నది ఎవరనుకున్నారు?… ఆ. నేనే… ఆ, మొత్తం!

నవ్వండి, నవ్వండి. ఏడుపు కంటే అదే నయం.

భగవంతుడా… మూడేళ్ళుగా మిమ్మల్ని ‘ఒరే’ అంటున్నాను! ‘వెధవా’ అని కూడా అన్నాను ఒకసారి… రెండుసార్లా?… మీరు మాత్రం తక్కువ తిన్నారా? ఆయన పుట్టినరోజున ‘గాడిదకి ఇంకో ఏడు మీదపడింది’ అని రాయలేదూ? ఎంత చనువో అనుకున్నాను.

మీకెలా మొదలైంది?… అచ్చం! ఇక్కడా అచ్చం అంతే. రిటైరైనప్పుడు ఆఫీసువాళ్ళు ఫోనిచ్చారు, మైకు గారు గ్రూపులోకి లాగారు. ఈయన రెండు రోజులు చూసి నా ఒళ్ళో పడేసి, ‘నువ్వే ఏదో ఒకటి కొట్టు, లేకపోతే పోయాననుకుంటారు’ అన్నారు. పుట్టినరోజు శుభాకాంక్షలతో మొదలుపెట్టాను… అవును, ఆ గ్రూపులో రోజూ ఎవరో ఒకరు పుడుతూనే ఉంటారు.

అబ్బా, వాళ్ళ సంగతి చెప్పకండి. అప్పుడు మార్కుల కోసం కొట్టుకున్నారు, ఇప్పుడు షుగరు రిపోర్టుల కోసం. అక్కడా ఫస్టు రావాలి… ఆ, చీఫ్ ఇంజినీరు! తన మోకాలి ఎక్స్‌రే పెడితే అందరూ పూలగుత్తుల బొమ్మలు పంపారు. ఎముకకి పూలేమిటండీ?… బ్యాంకు మేనేజరు మనవరాలా? పాపం, ఆ పిల్ల ప్రతి వారం ఫస్టే. ఒక్కసారి సెకండొచ్చి హాయిగా నిద్రపోవే తల్లీ అని రాద్దామనిపించింది నాకు… ప్రొఫెసరు గారు ‘వినమ్రంగా తెలియజేస్తున్నాను’ అన్నారంటే, కింద ఏదో సన్మానం ఫొటో వేలాడుతున్నట్టే… అదే కదా! అందరూ పెద్దవాళ్ళయ్యారు, ఎవరికీ పొద్దు పోవడం లేదు, కానీ ‘తోచడం లేదురా’ అని ఒక్కడు రాస్తే ఒట్టు.

మీరు రాశారు. అందుకే మీకు విడిగా రాయడం మొదలుపెట్టాను… ఇంకోటి, మీరు వాక్యం పూర్తి చేస్తారు. ఆ గ్రూపులో వాక్యానికి తోకా తొండమూ రెండూ ఉన్నది మీ ఒక్కరిదే.

ఆ కిటికీయా?… హాస్టలు గది కిటికీకి గడియ లేదని రాశాను, గుర్తుంది. అది వీళ్ళ హాస్టలుది కాదండీ, మా ఆడపిల్లల హాస్టలుది! ఈయన్ని అడిగితే కిటికీ ఉందో లేదో కూడా తెలియదన్నారు. ఏం చెయ్యను, నాది పెట్టేశాను… మీరు వెంటనే, ‘అవునురా, వానొస్తే రాత్రంతా కొట్టుకునేది’ అన్నారు. అది మరి?… మీ హాస్టలుదా! మీరు చదివిన కాలేజీదా!… అయితే ఆ గ్రూపులో పదిమంది ‘ఆ కిటికీని మర్చిపోతామా’ అని కళ్ళు తుడుచుకున్నారే, వాళ్ళకి గుర్తొచ్చింది ఎవరి కిటికీయండీ!

ఉండండి, ఊపిరి తీసుకోనివ్వండి… నాకు అసలు ఎప్పుడో అనుమానం రావలసింది. ఏ మగవాడు రాస్తాడండీ, ‘ఉండరా, పాలు పొంగుతున్నాయి’ అని? నేనేమనుకున్నానో తెలుసా? ఎంత ఉత్తముడు, భార్యని కూర్చోబెట్టి పాలు కాస్తున్నాడు అనుకున్నాను. ఈయనకి చూపించి దెప్పాను కూడా, ‘మీ ఇస్త్రీని చూసి నేర్చుకోండి’ అని… మీరూనా? మా మొద్దుని చూసి నేర్చుకోమన్నారా! మీ వారిని!… అయ్యో పాపం. ఉన్న ఇద్దరు మగవాళ్ళనీ లేని ఇద్దరు మగవాళ్ళతో పోల్చి కాల్చుకుతిన్నాం.

సరే, అసలు సంగతికి రండి. ఇప్పుడేం మునిగింది?… మైకు గారు నేరుగా మీ వారికే ఫోను చేశారా… ‘వేదిక మీద మీ ఇద్దరికీ కొత్త తెల్లచొక్కాలు తొడుగుతాం’ అన్నారా! ఖర్మ… మీ వారు ‘ఊ’ అని పెట్టేసి మీ మీద విరుచుకుపడ్డారా? ఏమని?… ‘ఆ చొక్కాదొంగ ఉన్నచోట నేను అడుగుపెట్టను.’ ఊఁ.

లేదు, నొచ్చుకోలేదు. దొంగే కదా. ఇద్దరూ ఒకే ఇంటర్వ్యూకి వెళ్ళాలి, గదిలో మంచి చొక్కా ఒక్కటే, అదీ మీ వారిది, రాత్రంతా పరుపు కింద మడతపెట్టుకున్నది. ఈయన పొద్దున్నే లేచి, జీవితంలో ఆ ఒక్కరోజే పొద్దున్నే లేచి, తొడుక్కుపోయారు. ఉద్యోగం ఈయనకొచ్చింది. మీ వారు నలిగిన చొక్కాతో వెళ్ళి ఉత్తచేతులతో వచ్చారు… తెలుసు. పెళ్ళైన కొత్తలోనే చెప్పారు. సిగ్గుపడుతూ కాదు, గొప్పగా చెప్పారు… అదే నాకు మింగుడుపడలేదు. మా ఇల్లు నడిచిందంతా ఆ చొక్కా మీదే కదండీ. అందుకే ఆయన పేరు మీద గ్రూపులో క్షమాపణ రాశాను… అడగలేదు. ఆయన నోట వచ్చేదాకా ఆగితే ఈ జన్మ చాలదు.

మీరేం రాశారో గుర్తుందా? ‘పోనీలేరా, నాకది భుజాల దగ్గర పట్టేసేది, నీకే నప్పింది’ అని. ఆ రోజు వంటింట్లో నిలబడి ఏడ్చాను… ఏమిటీ, మీ వారు ఆ మాటే అనలేదా? ఇప్పటికీ పళ్ళు కొరుకుతారా?… అంటే తప్పు ఒప్పుకున్నది నేను, క్షమించింది మీరు. వాళ్ళిద్దరూ పగ మాత్రం చెక్కుచెదరకుండా దాచుకున్నారు.

వాళ్ళు కొట్టుకుంటారన్న భయం నాకు లేదండీ. ఎత్తిన చెయ్యి దింపుకోవడానికి ఇద్దరికీ ఇంకో మనిషి కావాలి. నా భయం వేరు… మీదీ అదేనా?… ఆ. శనివారం ఇదంతా బయటపడితే ఫోన్లు వాళ్ళ చేతుల్లోకి పోతాయి. నాకు మీరుండరు. మీకు నేనుండను… ఆపరేషనా? మొన్న చలికాలంలో? అదీ మీకేనా! మీ వారికనుకుని పిచ్చిపిచ్చి కబుర్లన్నీ రాశాను… కుట్లు లాగేలా నవ్వారా? పోనీలెండి, ఒక మంచిపని చేశాను.

ఒక పని చేద్దాం. మీ వారు ఇంట్లో ఉన్నారా?… పక్కగదిలోనేనా. పిలవండి. నేనీయన్ని పిలుస్తాను. జనం ముందు తిట్టుకోవడమెందుకు, ఇప్పుడే తిట్టుకోనివ్వండి… ఏమవుతుంది? మహా అయితే ఫోను పగులుతుంది. పిలవండి.

ఏవండీ!… ఏవండీ, ఇలా రండి. మీకే ఫోను. మీ ఇస్త్రీ… ఆ, ఆయనే… ‘లేనని చెప్పు’ ఏమిటి, మీ గొంతు అక్కడిదాకా వినపడుతుంటే!… చొక్కా విప్పి ఇమ్మనరు లెండి, రండి… వదినగారూ, ఇస్తున్నాను. మీరూ ఇచ్చేయండి.

……

……

హలో… వదినగారూ, మీరేనా?… అయిపోయిందా! నేనింకా టీ నీళ్ళయినా పెట్టలేదు… మీ వారేమన్నారు?… ఇక్కడ ఈయన ‘ఆ’ అన్నారు. ‘ఊ’ అన్నారు. ‘నాకూ ఉంది, తిండికి ముందు ఒక మాత్ర’ అన్నారు. ‘సరే, శనివారం’ అని నా చేతికిచ్చేశారు… చొక్కా మాట రాలేదా? అటునుంచి కూడానా?… ‘బట్టతల వచ్చిందా’ అని అడిగారా!

నలభై ఏళ్ళ పగండీ! మనం మాటమాటా సరిచూసుకుని, కళ్ళు తుడుచుకుని రాసిన సంధి. వీళ్ళు షుగరు మాత్రతో తేల్చేశారు. నాకు ఒళ్ళు మండుతోంది. కొట్టుకున్నా బాగుండేది.

ఉండండి… ఈయన సెల్లు తీశారు… గ్రూపు ఎక్కడుందని అడుగుతున్నారు. ఆ పచ్చది నొక్కండి… కళ్ళజోడు కూడా పెట్టుకున్నారు. వదినగారూ, చదువుతున్నారు. పైనుంచి… తల ఊపుతున్నారు… ఏమిటండీ?… విన్నారా? ‘ఇది బాగా రాశానే’ అంటున్నారు!

మీ దగ్గరా?… ‘నన్ను చూసే వాడికి రాయడం వచ్చింది’ అన్నారా? బాగుంది.

చెప్పేద్దామంటారా?… ఏం లాభం? ‘ఫోను నాదే కదా’ అంటారు… ఆగండాగండి, టైపు చేస్తున్నారు! సొంతంగా. పుండు నొక్కినట్టు ఒక్క వేలితో… పంపారు. చూపించండి… బొటనవేలు. వదినగారూ, మూడేళ్ళకి మా వారి మొదటి రచన, ఒక బొటనవేలి బొమ్మ… మీకూ కనిపించిందా? కింద చూడండి, మైకు గారు అప్పుడే అడిగేశారు, ‘ఏరా మొద్దూ, ఒంట్లో బాగాలేదా?’ అని!… మీ వారూ పెట్టారా? నమస్కారం బొమ్మా?… ‘ఇస్త్రీకేమైంది, డాక్టర్ని పంపనా’… చీఫ్ ఇంజినీరేనా!

అబ్బ… పొట్ట నొప్పెడుతోంది.

సరే, ఆ ఫోన్లు ఇక పోయినట్టే. నా దగ్గరొకటుంది, మా అమ్మాయి పారేయబోతే ఉంచుకున్నాను. అద్దం పగిలింది, పలుకుతుంది… మీకు లేదా? కొనిపించుకోండి… ‘నాకెందుకు’ ఏమిటి? నాతో మాట్లాడటానికి. ఆయనతో అలాగే చెప్పండి. మోకాలి కథ చెప్పారుగా, ఇది అంతకంటే సులువు, నిజం కనక.

శనివారం తప్పకుండా రండి. వాళ్ళకి చొక్కాలు తొడగనివ్వండి, మైకు గారిని పది నిమిషాలూ ఏడవనివ్వండి. మనం వెనక వరసలో… నిజమే, మీ మొహం నేనూ చూడలేదు. గుర్తుపట్టడం ఎలాగంటే… మా వారు ‘మిత్రులారా’ అని మొదలుపెట్టి, తర్వాత మాట దొరక్క నిలబడిపోతారు. హాలంతా అయ్యో అని చూస్తుంది. ఒక్కావిడ మాత్రం నవ్వుతూ ఉంటుంది. అది నేనే… మాట అందించనా?… అందించను. ఈసారి అందించను.

ఏమిటా చప్పుడు?… పాలా! వెళ్ళండి, వెళ్ళండి… ఏమన్నారు? ‘ఉంటానండీ’నా? ఇప్పుడు కొత్తగా ఈ ‘అండీ’ ఏమిటి?… నాకూ ఇందాకట్నుంచి నోరు తిరగడం లేదు… సరే, ముందు మీరనండి… ఊఁ, అను…

ఆ. ఉంటానురా.