రబ్బరు తొడుగు లోపట

హలో… ఆ, నేనే, దేవేందర్‌ను. చెప్పు సిద్దిరాములు.

…పనిలకెల్లి తీసేసిన అంటె తీసేసినట్టే. నిన్న అత్వెల్లిల నా తవ్వే మిషిన్‌తోని గోడ కూలగొట్టింది నువ్వేనాయె. గోడ పక్కన పని చేస్తున్న కూలి జంగయ్య ఒక్క అడుగు ఎనుకకు జరగకపోతే పానం పోతుండె.

…చెయ్యి పెట్టలేదంటవ్. లివర్ ముట్టకుంటె బకెట్ దానంతట అదే ఎట్ల తిరుగుతది? నిద్ర పోయినవా? తాగినవా?

…ఒట్టు ఎందుకు పెడుతవ్? నాకు ముందునుంచే అనుమానం. జనార్ధన్ సుత ఇసొంటి తవ్వే బండే కొత్తది కొన్నడు, పొద్దుమాపు ఆయన షెడ్డుకాడ్నే ఉంటవ్. నా బండి పాడైతే ఎవ్వరికి లాభం?

…చాయ్ తాగనీకె పోయినవా. మంచిది.

ఉండు, మెకానిక్ బండి మీదనే ఉన్నడు… ఏంది నగేష్?… ఆఁ… అట్లనా…

ఇన్నవా సిద్దిరాములు? లివర్ అడుగున చిన్న అయస్కాంతం ఉంటదట. లివర్ ఎటు వంగితే అటు అది జరుగుతది. కింద సెన్సార్ దాన్ని తాకకుండనే కనిపెట్టి మిషిన్‌కు చెప్తదట. పక్కన ఇంకో అయస్కాంతం పెట్టినమనుకో, లివర్ వంగిందనే అనుకుంటదట.

…పాఠం చెప్తలేను. లివర్ మీది రబ్బరు తొడుగు లోపట ఇంకో అయస్కాంతం దొరికింది, సమజైందా? ఎవ్వరికీ కనపడకుంట దాచిన్రు. నాలుగేండ్ల సంది ఆ సీట్ల కూసున్నది నువ్వొక్కనివే. ఇగ పోలీసులకు చెప్పుకో.

…ఎట్లుందా? నల్లగ, రూపాయి బిళ్లంత. ఎర్రగుడ్డల మూట కట్టిన్రు. పసుపు సుత రాసి—

…

అవ్, పసుపే. ఒక్క నిమిషం.

సుచిత్రా, ఇటు రా. గిదేంది?… నువ్వా?… ఎప్పుడు?… మొన్న అమాసకా?

…సిద్దిరాములు, మా ఇంటామె పెట్టిందట. సూదంటురాయి దిష్టిని గుంజుకుంటదని ఎవ్వరో చెప్పిన్రట. నువ్వు అన్నం తిననీకె పోయినప్పుడు తొడుగు లేపి పెట్టింది. నిన్న బండి అదురుకు సెన్సార్ కాడికి జారి ఉంటదని నగేష్ అంటున్నడు.

…లేదు, నాకు నిజంగ తెలువదు.

…తప్పయింది. రేపు పొద్దుగాల వచ్చి బండి ఎక్కు. గోడ సంగతి నేను చూసుకుంట. జంగయ్యతోని సుత నేనే మాట్లాడుత.

…ఎవ్వరి దిష్టా? అదెందుకు ఇప్పుడు… ఊకో.

…ఊకో అంటున్న గద.

…నీదే సిద్దిరాములు. బండి మీద నీ చూపు మంచిగలేదని ఇంట్ల నేనే అన్న. రెండు నెలల సంది రోజు అదే మాట అన్న. ఆమె నమ్మింది.

…

సిద్దిరాములు… ఉన్నవా?

హలో…

ఫోన్ పెట్టేసిండు, నగేష్.