స్వరాజ్యం అప్పజెప్పిన తాళంచెవి

ఏందే సింధుజా, గా కాయితం పట్టుకొని గట్ల మురుస్తున్నవ్? దుకాణం కిరాయి కాయితమా? మొత్తం సదివినవా? ఆఁ, సదివిందట. మరి పదకొండు నెలలు కాంగనే తాళంచెవి ఓనరుకు అప్పజెప్పాలె అన్న ముక్క సూసినవా? మామూలేనట. పొద్దుమూకి మళ్ల ఇస్తడట. ఎవడు చెప్పిండే నీకు, గా ఓనరేనా? మా అక్క స్వరాజ్యానికి గూడ గిది మామూలే ఉండె. కూసో గాడ. ఇనకుండ సంతకం పెట్టినవో, తాతా అనుకుంట నా గడప తొక్కకు.

మా అక్క నీకు యాదికుండది, షిన్నదానివి. పాత బస్టాండు కాడ జాకెట్లు కుడుతుండె. చింతమడక కెల్లి, నారాయణరావుపేట కెల్లి ఆటోలెక్కి వస్తుండె ఆడోళ్లు. పెండ్లిండ్ల దినాలల్ల బువ్వ తినతందుకు తీరకపోతుండె. నోరు గూడ గంతే, కొలత తీస్కుంటనే "ఏం తింటున్నవే, పోయినేటి జాకెటు పనికి రాదిగ" అంటుండె మొఖం మీదనే. మొగడు పోయినంక ఆమెకు గా దుకాణమే దిక్కు. జాగ బాలవ్వది. బాలవ్వ మంచిదే, అబద్ధమెందుకు. ఏడాదికి రాస్తే రిజిస్ట్రేషన్ చెయ్యాలని ఎవడో చెప్తె పదకొండు నెలలకే రాసుకుంటుండిరి. గడువు తీరిన పొద్దు మా అక్క షట్టర్ దించి తాళంచెవి బాలవ్వ చేతుల పెడ్తుండె. బాలవ్వ దాన్ని దేవునర్రల పెట్టి, పొద్దుమూకి ఈమెకు బొట్టు పెట్టి, తమలపాకులల్ల పెట్టి మళ్ల ఇస్తుండె. ఇద్దరికి గదొక పండుగ లెక్క అయింది. మా అక్క కొత్త చీర గట్టుకొని పోతుండె, పిచ్చిది.

గంతల సిద్దిపేట జిల్లా అయింది. ఇగ కిరాయిలు సూడు, పట్టపగ్గాల్లేవు. గప్పుడే బాలవ్వ సచ్చిపోయింది, దుకాణం కొడుకు గజేందర్ చేతికొచ్చింది. గడువు దినాన మా అక్క ఎప్పటి లెక్కనే చీర గట్టుకొని పోయి, వానికి తాళంచెవి ఇచ్చి అరుగు మీద కూసుంది. పొద్దుమూకింది. లోపలికెల్లి ఎవ్వరు రాలె. ఆఖరికి గజేందర్ గాడొచ్చి, "అత్తా, ఖాళీ చేసినవ్ గద, ఇగ ఇంటికి పో" అన్నడు. గంత మెత్తగ అన్నడు, వాని నోట్ల మన్ను వడ. తెల్లారి సూస్తె షట్టర్ కు వాని తాళం. ఈమె మిషను, గుడ్డల మూటలు బయట మెట్ల మీద.

వకీలు కాడికి తోలుకపోయిన. ఆయన అంత ఇని, "అమ్మా, గడువు తీరినా సరే, తాళంచెవి నీ చేతులనే ఉంటే కోర్టుకు పోకుండ నిన్ను ఎవ్వడు ఎల్లగొట్టలేకపోతుండె. నువ్వే ఇచ్చినవ్. మళ్ల ఇస్తనని కాయితంల యాడ రాసింది?" అన్నడు. యాడ రాస్తరు? నమ్మి నానవోస్తే పుచ్చి బుర్రలైనయ్. బాలవ్వ మాట బాలవ్వతోనే కాష్టంల కాలింది. ఇప్పటికీ యాదికొస్తె నా రక్తం మసులుతది.

అయితే మా అక్క ఇంటికి పోయిందనుకుంటున్నవా? గా మెట్ల మీదనే మిషనేసుకొని కూసుంది. మెట్లు మున్సిపాల్టివి, వాడు లేపలేడు. ఎండల, వానల, గొడుగు కట్టుకొని గాడనే కుట్టుడు. దుకాణం కిరాయికి సూడొచ్చినోళ్లకు మిషను తొక్కుకుంటనే కథంత చెప్తుండె. తిట్టకపోతుండె, ఉన్నది ఉన్నట్టు చెప్తుండె. ఇని ఎవడు తీస్కుంటడే? షట్టర్ కు జంగు వట్టింది. ఆఖరికి గజేందర్ గాడే తాళంచెవి తమలపాకులల్ల పెట్టుకొని వచ్చిండు, తప్పయింది తీస్కో అని. మా అక్క తలకాయ గూడ ఎత్తలె.

"మీ అవ్వ చేతికెల్లి తీస్కునేదాన్ని బిడ్డా," అన్నది. "ఆమెనే తోలియ్యి, తీస్కుంట."

పంతం నెగ్గింది. ఏం లాభం? ఆ ఎండకాలమే గా మెట్ల మీద వడదెబ్బ తగిలి పడిపోయింది, దవాఖానకు తీస్కపోయెసరికే పానం లేదు. కుట్టేది గింత మిగిలిన జాకెటు మిషను మీదనే ఉండె.

ఇగ సూపియ్యి. మీ ఓనరు పొద్దుమూకి మళ్ల ఇస్తనన్న మాట యాడ రాసిండు? తిప్పు. ఎనకవడ్క గూడ సూడు.

లేదా?

ఆ పెన్ను ఇటియ్యి, ముందుగాల గా ముక్క రాస్త.