కాకినాడ స్టీమరు కరపత్రం

దుబాయ్‌లోని డేరా పేట ఫ్లాట్‌లో సొరుగులన్నీ బోర్లించి ఉన్నాయి. సాయంత్రం ప్రదర్శనలో పెట్టాల్సిన కాకినాడ–రంగూన్ స్టీమరు కరపత్రం మాయమైంది. వందేళ్ల నాటి కాగితం. యజమాని చూపు పనిమనిషి వీరదుర్గ మీదే ఉంది.

"నిజం చెప్పు దుర్గా, చెత్తలో పడేశావా?"

"నేను ముట్టుకుంటే ఒట్టండీ బాబుగారూ! వీసా కొట్టేయకండి."

"ఇంట్లో ఉన్నది ముగ్గురం. అమ్మకి చదువే రాదు, ఆవిడకెందుకది?"

"దాని మీద బొమ్మేమైనా ఉందాండీ?"

"పైన లక్ష్మీదేవి, కింద ఓడ."

"లక్ష్మీదేవా! ఉండండి."

వీరదుర్గ పరుగున వెళ్లి పూజ అలమర తెరిచింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"ఇదిగోండి, దేవుళ్ల మధ్యన! ఇంకా బొట్టు పెట్టలేదు, నయం."

"అమ్మయ్య! ఖలాస్ అనుకున్నాను. ఇక్కడెవరు పెట్టారు?"

"అమ్మవారి బొమ్మ బల్ల మీద పడుంటే ఊరుకోలేని మనిషి, మీ అమ్మగారేనండీ!"