దాత పేరు ఏమని చెప్పాలి

దాని మీద కూర్చోకే పిల్లా, యీ మోన్, అది స్టూలు కాదు. గుడ్డ కప్పి ఉంటే స్టూలేననుకున్నావా? పిల్లి కూడా అలాగే అనుకుంది. అది గాలి మిషను. గాలిలోంచి ఆక్సిజన్ లాగి గొట్టంలోంచి ముక్కుకి పంపుతుంది. ఇప్పుడు పనిచెయ్యదులే. మా అన్నయ్యది... అంటే అన్నయ్యది కాదు, వదిన కోసం తెచ్చింది... అదీ కాదు, అసలు ఎవరిదో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. నువ్వు మా అన్నయ్యని చూళ్ళేదు కదూ? ఊ తాన్ పే అంటే మౌల్మీన్‌లో మా పేటంతటికీ తెలుసు. దేనికంటావా, గొంతుకి. ఎవరింట్లో దానం జరిగినా, పోయినవాళ్ళ ఏడో రోజు భిక్షువులకి భోజనం పెట్టినా, చివర్లో నీళ్ళు ధార పోసేటప్పుడు "ఫలానా వారి ఈ దానం పుణ్యం విన్నవాళ్ళందరికీ సమంగా చెందుగాక" అని పిలిచేది ఆయనే. అందరూ సాధు, సాధు, సాధు అనాలి. అప్పటిగ్గాని దానం పూర్తయినట్టు కాదు. "ఈయనకి ఇంట్లో ఉప్పెక్కడుందో తెలీదు గాని ఊళ్ళో ఎవరి పుణ్యమెంతో తెలుసు" అనేది మా వదిన మ ఓన్. ఆయనకి ఒకటే పట్టింపు. దాత పేరు తప్పు చెప్పకూడదు. చెబితే పుణ్యం దారి తప్పిపోతుందట. ఒకసారి బియ్యం కొట్టావిడ, అత్తగారిచ్చిన దుప్పట్లకి తన పేరు పిలవమంది. ఈయన భిక్షువుల ముందు గొంతు సవరించుకుని అత్తగారి పేరే పిలిచాడు. ఆవిడ చచ్చేదాకా మాతో మాట్లాడలేదు.

ఏం చెబుతున్నాను? ఆఁ, మిషను. ఆ ఏడు చలి పోయేసరికి సర్కారుని కూలదోసి సైన్యం దిగింది, వానలు పడేసరికి జబ్బు దిగింది. వీధిలో నలుగురు నిలబడితే తుపాకీ, ఇంట్లో కూర్చుంటే దగ్గు. ఎటు పోతాం చెప్పు? జబ్బున్న ఇంటి ముందు పసుపు గుడ్డ, తిండి లేని ఇంటి ముందు తెల్ల గుడ్డ కట్టేవాళ్ళు, ఎవరైనా చూసి సాయం చేస్తారని. చీకటి పడుతుంటే అందరూ గుమ్మాల్లోకొచ్చి గిన్నెలు, మూకుళ్ళు వాయించేవాళ్ళం. చెడుని తరమడానికి మన బర్మావాళ్ళు ఎప్పుడూ చేసేదేగా. ఏ చెడు అని ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. ఎదురింటి దర్జీ ఊ బా ట్విన్ మాత్రం మూకుడు చొట్టలు పడేదాకా కొట్టేవాడు. వాళ్ళబ్బాయిని ఆ ఎండాకాలంలోనే వీధి చివర సైనికులు కాల్చేశారు. బంగారంలాంటి పిల్లాడు. నా రవికలన్నీ వాడే కుట్టేవాడు, చేతులు ఎప్పుడూ బిగుతే.

మా గుమ్మానికీ పసుపు గుడ్డ కట్టాం. వదినకి ఊపిరందడం లేదు, పెదాలు నేరేడుపండు రంగుకొచ్చాయి. సిలిండర్ నింపించుకోవాలన్నా సైన్యం సరే అనాలట. అప్పుడే విదేశాల నుంచి మిషన్లొచ్చాయన్నారు. ఒకడు జపాన్ అన్నాడు, ఒకడు చైనా అన్నాడు, చేపలావిడ తెల్లవాళ్ళ చర్చి అంది. సైన్యం పెట్టిన పేట పెద్ద మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "విహారంలో పంచుతున్నాం, కెమెరావాళ్ళొస్తారు, మీరు పిలవాలి. మొదటి మిషను మీ ఇంటికే" అన్నాడు. అన్నయ్య అడిగిందొకటే. "దాత పేరు ఏమని చెప్పాలి?"

"సైన్యం అని."

"పంపింది వాళ్ళు కాదు కదా?"

"పంచేది వాళ్ళే కదా."

చూడు, దానికి ఏం జవాబు చెబుతావు? అన్నయ్య నన్నడిగితే పొద్దున వెళ్ళమన్నాను, మధ్యాహ్నం వద్దన్నాను, వదిన దగ్గు విని మళ్ళీ వెళ్ళమన్నాను. వదిన్ని మాత్రం అడగలేదు, ఆవిడ వద్దంటుందని భయం. గుమ్మం దిగుతుంటే దర్జీ అడ్డంగా నిలబడ్డాడు. కోపంగా కూడా అనలేదమ్మా, మెల్లిగానే అన్నాడు. "అన్నా, నా కొడుకుని చంపినోళ్ళకి పుణ్యం పిలవడానికేనా?" అన్నయ్య పక్కనుంచి తప్పుకుని నడిచాడు.

విహారంలో మిషన్ల మీద సైన్యం పేరు కాయితాలు అంటించి ఉన్నాయి. అన్నయ్య ఒకదాని అంచు గోటితో లేపి చూశాడు. కింద అక్షరాలున్నాయి, ఏ భాషో. "పేరుంది చెల్లీ, చదవడమే రాదు" అన్నాడు నాతో. చదవగలిగితే అదే పిలిచేవాడా అంటావా? ఏమో, పిలిచేవాడేమో. ధార పోశారు. అన్నయ్య సైన్యం పేరే పిలిచాడు. అంత జనంలో ఒక్క నోరు లేవలేదు. అప్పుడాయనే ఒక్కడూ అన్నాడు, సాధు, సాధు, సాధు. మూడోది అరిగిన గొంతుతో వచ్చింది. కెమెరావాడు, "ఫరవాలేదు సార్, జనం గొంతులు తర్వాత కలుపుకుంటాం" అన్నాడు పక్కనున్న సైన్యం కెప్టెన్‌తో. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

వదిన బతికింది. మర్నాటికే పెదాల రంగు తిరిగింది. ఆ సాయంత్రం మూకుళ్ళు మోగాయి. బయటికొచ్చి చూస్తే అందరూ మా ఇంటి వైపు తిరిగి వాయిస్తున్నారు. అన్నయ్య ఏం చేశాడనుకున్నావ్? తన మూకుడు తెచ్చుకుని రోజూలాగే తనూ వాయించాడు. ఎవర్ని తరుముతున్నాడో మరి. నేను లోపలికి లాగితే, "అందరూ వాయిస్తుంటే మానెయ్యనా?" అన్నాడు.

తర్వాత దర్జీ పెళ్ళాం అదే జబ్బుతో మంచాన పడింది. దర్జీ పెరటి దారిన వచ్చి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. అడగలేదు. అన్నయ్య మిషను భుజానికెత్తుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళి గొట్టం పెట్టొచ్చాడు. వదినకి అప్పటికి అవసరం తీరింది. తీరనిది అన్నయ్యకి మొదలైంది. జబ్బు అంటుకుంది. నేను మిషను తెస్తానని లేచాను. "ఆవిడ ముక్కులోంచి లాక్కొస్తావా? ఆవిడ లేచాక తే" అన్నాడు. ఆవిడ లేచింది, లేచిందిలే, వారం తర్వాత, అన్నయ్య పోయాక.

చివర్లో మాట కూడా ఆగి ఆగి వచ్చేది. నన్ను దగ్గరికి రమ్మన్నాడు. వదిన గురించి చెబుతాడేమో అనుకున్నా. "పేరు తప్పు పిలిచాను చెల్లీ. పంపినోళ్ళకి ఏమీ చేరి ఉండదు. ఎక్కడో ఎవరో, మనం ఎవరో తెలీకుండా పంపారు. మ ఓన్ బతికిందని వాళ్ళకి తెలుస్తుందంటావా?" అన్నాడు. తెలుస్తుందన్నయ్యా అన్నాను. ఎలా అన్నాడు. నేను...

అదిగో, వాన మొదలైంది. పైన లుంగీలు ఆరేసున్నాయి, వెళ్ళి తీసుకురా.