అట్టల సమాధిలో చీటీ

ఈస్టర్ ఉదయం, ఆరాధనకు ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. నాటకంలో దేవదూత వేషం వేసిన పిల్ల చర్చి వెనక సామాన్ల గదిలో దూరి లోపలి నుంచి గడియ పెట్టుకుంది. సండే స్కూలు టీచరు మోకాళ్ల మీద కూర్చుని తలుపు సందులోకి మాట్లాడుతోంది. ఆమె వెనక పాస్టరుగారి భార్య నిలబడి ఉంది.

"పిచ్చుకా, నా బంగారం కదూ, గడియ తియ్యవే. లోపల రెక్కలు నలిగిపోతాయి."

"నలగనీ."

"అందరూ వచ్చేశారు. దేవదూత లేకపోతే సమాధి రాయి ఎవరు తీస్తారు?"

"రోమా సైనికుణ్ణి తియ్యమను. వాడికి అన్నీ తెలుసుగా."

"టీచరూ, నువ్వు జరుగు, నేను మాట్లాడతా. ఏమ్మా, అమ్మగార్ని నేను. పండగ పూట ఏంటీ మంకుపట్టు? తొమ్మిదేళ్లొచ్చాయి, బుద్ధిగా ఉండొద్దూ? చూడు టీచరూ, బెల్లం కొట్టిన రాయిలా పలకదు. మైకు కూడా దీని దగ్గరే ఉంది. అక్కడ పాస్టరయ్యగారు గొంతు చించుకుంటున్నారు."

"ఉన్న కార్డ్‌లెస్ మైకు అదొక్కటేగా అమ్మగారూ. మొదటి మాట దేవదూతది కదా అని నేనే ఇచ్చా."

"అసలేమైంది? ఇందాక గంతులేసుకుంటూ వచ్చిందిగా!"

"పిల్లలు ఏదో అన్నారు."

"ఏదో అంటే?"

"పిల్లలు కదమ్మగారూ. ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటారు."

"దేవదూత కూర్చునే రాయి మీద ప్లాస్టిక్ పట్టా ఎవరు పరిచారు? దుమ్ము పడకూడదని నువ్వే పరిచావనుకున్నా."

"దుమ్ముకి కాదు."

"మరి దేనికి?"

"మెల్లగా అమ్మగారూ, దానికి వినిపిస్తుంది."

"నాకు వినిపిస్తోంది. నేనే చెప్తా. దేవదూత కూర్చుంటే రాయి తడుస్తుందని సైనికుడే పరిచాడు. అందరూ నవ్వారు. సుగంధద్రవ్యాలు తెచ్చే స్త్రీల వేషాలేసిన ఇద్దరూ నవ్వారు. తోటమాలి వేషం బుడ్డోడైతే, అర్థం కాకపోయినా నవ్వాడు."

"అయ్యో తల్లీ! అంటే నీకు ఇంకా... పక్క..."

"అనొద్దు!"

"అనను, అనను. ఇంత గుట్టు వాడికెలా తెలిసిందే?"

"చీటీలో రాశా. శుక్రవారం సమాధిలో వేశా."

"టీచరూ, ఇటు రా. ఇంకొంచెం ఇటు. ఏంటిది? నలభై రోజులు పిల్లలతో అట్టపెట్టెలు అంటించి సమాధి కట్టించావు. మనసులో బరువుగా ఉన్నది చీటీ మీద రాసి వెయ్యమన్నావు. రాయి మూసేశాం. ఆదివారం తీస్తే ఖాళీగా ఉంటుంది, యేసయ్య తప్ప ఎవరూ చదవరు అని సంఘం ముందు చెప్పింది నువ్వే కదా?"

"నేనే చెప్పా."

"మరి చీటీలేమయ్యాయి?"

"నిన్న పొద్దున తాత చేతికిచ్చా, కాల్చెయ్యమని."

"ఏ తాత? గంట కొట్టే తాతా?"

"ఆయనే. పెరట్లో కాల్చేశాడు. బూడిద కూడా చూశా."

"కాల్చే ముందు చదివుంటాడు."

"అలాంటి మనిషి కాదమ్మగారూ."

"మనిషెలాంటివాడైతేనేం? చీటీలు ముట్టుకుంది మీరిద్దరేగా. నువ్వు చదవలేదు కదా?"

"టైమైపోతోందమ్మగారూ. ముందు దీన్ని బయటికి తెద్దాం."

"సరే, నువ్వు దీన్ని బుజ్జగించు. అయ్యగారితో చెప్పి రెండు పాటలు ఎక్కువ పాడిస్తా. ఆ తాతని ఇవాళ గంట ముట్టుకోనివ్వను. గేటు బయట కూర్చోబెడతా."

"అమ్మగారూ, ఆగండి..."

"ఏంటి, చెప్పు?"

"ఏం లేదు."

పాస్టరమ్మ చెప్పుల చప్పుడు దూరమైంది.

"అక్కా, అమ్మగారు వెళ్లారా?"

"వెళ్లారు. ఇంక తియ్యి గడియ."

"తాత కాదు."

"ఏంటి?"

"చీటీ చదివింది తాత కాదు. తాతకి అక్షరాలు రావు."

"రావా? ప్రతి ఆదివారం పాటల పుస్తకం పట్టుకుని పాడతాడుగా?"

"తలకిందులుగా పట్టుకుంటాడు. నేనే తిప్పిస్తా. పాటలన్నీ నోటికొచ్చు, అంతే. ఎవరికీ చెప్పకే పిచ్చుకా, సిగ్గు అన్నాడు. ఇప్పుడు నీకు చెప్పేశా. చూశావా? నేను కూడా అలాంటిదాన్నే."

"కాదమ్మా. నువ్వు ఆయన్ని కాపాడ్డానికి చెప్పావు. అది వేరు."

"మరి తాతని బయట కూర్చోబెడతానంటే నువ్వెందుకు ఊరుకున్నావు?"

"అదీ... అమ్మగారు పెద్దావిడ కదా."

"తాత ఇంకా పెద్ద."

"ఊఁ."

"ఎవరు చెప్పారో నాకు తెలుసక్కా."

"తెలుసా? ఎవరు?"

"కూర్చుని ఆలోచించా. ముందు అమ్మని అనుకున్నా. అమ్మ కాదు. అందరూ లేవకముందే దుప్పటి ఉతికేస్తుంది. పక్కింటావిడ అడిగితే పాపాయి తడిపింది అంటుంది."

"మీ ఇంట్లో పాపాయెవరే?"

"ఎవరూ లేరు! అమ్మ అంత బాగా దాస్తుంది. నాన్నకి కూడా తెలీదు. ఇంక నేను చెప్పింది ఒక్కరికే."

"ఎవరికి?"

"యేసయ్యకి."

"పిచ్చుకా..."

"రాయి మూసేశాం కదా. ఆయనొక్కడే చదువుతాడని నువ్వన్నావు కదా. అంటే ఆయనే చెప్పేశాడు."

"లేదు లేదు. ఆయన అలా చెప్పడమ్మా."

"సైనికుడి అమ్మ రోజూ గంటసేపు ప్రార్థన చేస్తుందంట. ఆవిడతో అన్ని మాటలూ మాట్లాడతాడంట. ఆ మాటల్లో ఇది కూడా చెప్పేసుంటాడు."

"ఆయన కాదు. నిజంగా కాదు."

"మరెవరు?"

"ముందు గడియ తియ్యవే."

"చెప్పలేవుగా. నేనింక ఆయనకేం చెప్పను. అన్నానికి ముందు కళ్లు మూసుకుంటా, లోపల మాత్రం ఏం అనను. నిన్న రాత్రి దుప్పటి పొడిగా ఉంటుందనుకున్నా. లేదు. మాన్పించకపోతే పోనీ, అందరికీ చెప్పెయ్యడం ఎందుకక్కా?"

"ఏడవకే. రెక్కలకి అంటించిన కాగితం తడుస్తుంది."

"తడవనీ. అన్నీ తడుస్తాయి నాకు."

"అలా అనకే తల్లీ..."

"టీచరూ, ఇలా రా! పట్టుకున్నా!"

"అమ్మగారూ, ఎవర్ని?"

"సైనికుడి తల్లిని. వంటగదిలో నిలబెట్టి అడిగితే కక్కింది. నిన్న స్త్రీల కూడికలో ఎవరో దీని కోసం ప్రార్థన మనవి పెట్టారట. ఇంటికెళ్లి కొడుకు ముందే తన మొగుడితో అంది. వాడు విన్నాడు."

"మనవి ఎవరు పెట్టారన్నారు?"

"అది మాత్రం చెప్పదట! దేవుని సన్నిధిలో విన్న మాట బయటపెట్టకూడదట. పిల్ల గుట్టు మొగుడికి చేరవెయ్యడానికి మాత్రం సన్నిధి అడ్డం రాలేదు. ఇంతకీ నిన్న నేను ఒక బాలింత దగ్గర ఆసుపత్రిలో ఉండిపోయా. కూడిక ఎవరు నడిపారు?"

"నేనే నడిపా."

"అయితే మనవి ఎవరు పెట్టారో నీకు తెలిసే ఉండాలి."

"పేరు చెప్పలేదమ్మగారూ. దేవదూత వేషం వేసే పిల్ల అన్నా, అంతే. పేరు మాత్రం చెప్పలేదు."

"నువ్వా!"

"మెల్లగా..."

"ఉన్న దేవదూత ఒక్కతైతే ఇంక పేరెందుకే? నువ్వు చదివావా ఆ చీటీల్ని?"

"శుక్రవారం సాయంత్రం. అందరూ వెళ్లాక రాయి తీశా."

"కంచే చేను మేసిందన్నమాట. తాతని గేటు బయట కూర్చోబెడితే ఒక్క మాట ఎదురు చెప్పలేదే. ఆయనకి తెలుసా ఇది?"

"కిటికీలు మూస్తూ చూశాడు. నా చేతిలో చీటీలున్నాయి. ఏమీ అనకుండా లైటు వేసి వెళ్లిపోయాడు. చీకట్లో చదువుతున్నానని."

"ఛీ. ఎందుకు చేశావమ్మా ఈ పని?"

"చెప్తే నవ్వుతారు."

"నవ్వేలా ఉన్నానా?"

"నా పేరు వెతుక్కున్నా. పదకొండేళ్లుగా పాఠాలు చెప్తున్నా, కాగితం రెక్కలు అంటిస్తున్నా. పిల్లలు పెద్దయి వెళ్లిపోతారు. రోడ్డు మీద ఎదురైనా గుర్తుపట్టరు. ఒక్కళ్లైనా నా గురించి దేవుడికి మంచిమాట రాశారేమోనని ఒక చీటీ విప్పా. అందులో లేదు. ఇంకోటి విప్పా. ఇంక ఆగలేదు."

"మరి కూడికలో నోరెందుకు విప్పావు?"

"దాని చీటీ చదివాక నిద్ర పట్టలేదు. నిజంగా ప్రార్థన కోసమే అనుకున్నా. కానీ చెప్తుంటే అందరూ నా వైపే చూశారు. పిల్లల మనసు ఈవిడకెంత తెలుసో అన్నట్టు. అది బాగుందమ్మగారూ. బాగుందనిపించింది."

"సర్లే. ఊరుకో, ఊరుకో. ఇప్పుడిది ఇక్కడే పాతెయ్యి. బయటికొస్తే రేపట్నించి ఒక్క తల్లి కూడా పిల్లని పంపదు. వచ్చే నెల వేసవి బైబిల్ స్కూలు పెట్టుకున్నాం."

"మరి తాతో?"

"తాతకి నేను సర్దిచెప్తా. పిల్లకి సాతాను పని అని చెప్పు. అబద్ధం కూడా కాదు."

"దానికి వేరే ముద్దాయి దొరికేశాడు."

"ఎవరు?"

"యేసయ్య."

"ఏంటీ?"

"తను చెప్పింది ఆయనొక్కడికేనట. కాబట్టి ఆయనే బయటపెట్టాడట. ఇంక ఆయనకి ఏమీ చెప్పదట. నేను నోరు మూసుకుంటే ఈ నింద ఆయన మీదే ఉండిపోతుందమ్మగారూ. దానికి తొంభై ఏళ్లొచ్చినా ఉండిపోతుంది."

"పోనీ తర్వాత, పండగయ్యాక మెల్లగా చెబుదువుగాని..."

"అక్కా."

"ఆ, పిచ్చుకా?"

"నాకు వినిపించింది."

"ఎంత వరకు?"

"మొత్తం. సందు పెద్దదే. నీ పేరు ఉందిగా అక్కా. నా చీటీలో."

"ఉందమ్మా. ఎవరూ చదవరని టీచరక్క చెప్పింది కాబట్టి రాస్తున్నా అని. అది చదివాక అయినా మడిచి పెట్టెయ్యాల్సింది."

"పెట్టలేదు."

"పెట్టలేదు. పిచ్చుకా, తప్పయిపోయింది. నన్ను కొట్టు, తిట్టు, నా మొహం చూడకు. ఆయన మీద మాత్రం అలగకే."

"నాకొక్కదానికే చెప్తావా?"

"అంటే?"

"నాది అందరికీ తెలిసింది. నీది నాకొక్కదానికేనా?"

"టీచరూ, వద్దు. పిల్ల మాట పట్టుకుని నువ్వు కూడా... అయ్యగారి పరువేం కావాలి?"

"మైకు ఇవ్వు పిచ్చుకా."

"గడియ తీస్తున్నా. అమ్మగారు లోపలికి రాకూడదు."

"రారు. చెయ్యి ఒక్కటి బయట పెట్టు చాలు. ఆఁ. ఎంత చల్లగా ఉందే నీ చెయ్యి!"

"కింద బొత్తాం పైకి తొయ్యి. పచ్చ లైటు వెలగాలి."

"వెలిగింది."

"టీచరూ, నా మాట విను! పాట ఇంకా ఒక చరణం ఉంది!"

"అయిపోనివ్వండి. ఈలోగా ఏం చెప్పాలో చూసుకుంటా."

"లేచి నిలబడి చెప్పక్కా. కూర్చుంటే గొంతు రాదని నువ్వే నేర్పావుగా."

"నిలబడ్డా."

"నేను రాసింది మాత్రం చెప్పకు."

"చచ్చినా చెప్పను."

"పాట అయిపోయిందక్కా."

"సంఘానికి వందనాలు. నేను సండే స్కూలు టీచర్ని, వెనక గది దగ్గర్నుంచి మాట్లాడుతున్నా. ముందు ఎవరైనా గేటు దగ్గరికెళ్లి తాతని లోపలికి తీసుకురండి, గంట ఆయన్నే కొట్టమనండి. పిల్లలూ, మీరు కూడా వినండి. శుక్రవారం మీరు సమాధిలో వేసిన చీటీల్లో మాట యేసయ్య ఎవరికీ చెప్పలేదు. తాతా చెప్పలేదు. మీరటు వెళ్లగానే రాయి తీసి, ఒక్కొక్కటీ విప్పి చదివి, మర్నాడు పదిమందిలో పెట్టిన దొంగ... నేనే."