పురుగులింటి పాప

"అవ్వా, రెడ్డెప్ప మామ కూతురు నీ దగ్గర యాల ఉండాది?"

యాలంటే అదో పెద్ద కత లేమ్మా. కూర్చో, అనపకాయలు ఒలుస్తా సెప్తాను. రెడ్డెప్ప ఎవురు, నా సెల్లెలి కొడుకే కదా. పెండ్లాం పోయినాంక పట్టుపురుగులే వానికి పెండ్లాం బిడ్డలు. ఆ షెడ్డు సూసుంటావే. ఆడ తిరగమాత పెట్టకూడదు, బీడీ తాగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, పురుగు బెదురుతాదంట. కూతుర్ని కొట్టాలన్నా బయటికి తెచ్చి కొట్టేవాడు, పురుగు మింద అంత ప్రేమ. మీ తాత ఉన్నప్పుడు ఒక్క పంట పట్టుగూళ్లు మదనపల్లెలో అమ్మి నాకు కమ్మలు చేపించినాడు, ఇప్పుడొచ్చేది మల్బరీ ఆకు కోసే కూలికే సాలదు... యాడున్యాను నేను? ఆ.

ఒకరోజు బిడ్డ వానలో ఆకు కోసుకొచ్చినాది. తడాకు తింటే పురుగు సచ్చిపోతాది కదా, దానికని మల్బరీ కట్టె ఇరిగేదాకా కొట్టినాడు. ఆ ఈపు సూసి అంగనవాడీ అమ్మాయికి నేనే సెప్తిని. ఊరికి కోపమొచ్చింది సూడు, కొట్టినందుకు కాదు, సెప్పినందుకు. ఇన్నాళ్లూ బిడ్డ ఏడుపు ఎవురికీ ఇనపడలా, నా మాట మాత్రం ఊరంతా ఇనపడె.

మదనపల్లె నుంచి పిల్లల ఆఫీసమ్మ వచ్చినాది. జీపూ లేదు, పోలీసూ లేదు, బస్సు దిగి నడిచొచ్చినాది. వీడు షెడ్డుకు అడ్డం నిలబడి, "కొత్తోళ్లు రాకూడదు మేడం, పురుగుకు రోగమొస్తాది" అన్యాడు. ఆయమ్మ సెప్పులిడిచి, షెడ్డు ముందర పెట్టిన సున్నం నీళ్లలో కాళ్లు కడుక్కొని, గడప బయటే కూర్చోని వానితో పాటు ఆకు తుంచినాది. పొద్దుగూకేలకు వాడే ఏడ్సుకుంటా అంతా సెప్పేసినాడు.

వాణ్ణి జైలుకన్నా పంపుతారు, బిడ్డను టౌనులో హోముకన్నా తీసకపోతారు అనుకున్యారు ఊరోళ్లు. ఆయమ్మ బిడ్డనే అడిగింది, యాడుంటావు తల్లీ అని. బిడ్డ నా కొంగు పట్టుకున్యాది. సరే అని ఆయమ్మ తీర్మానం సేసింది, బిడ్డ నా దగ్గరే, బడి మానకూడదు, వాడు బిడ్డతో నా ముందరే మాట్లాడాల, మళ్లా చెయ్యెత్తితే కేసు. సూసిపోను ఆయమ్మ ఎప్పుడొస్తాదో సెప్పదు. అందుకని వీడు దినామూ తల దువ్వుకొని కూర్చుంటాడు, పెండ్లిచూపులకు మాదిరి.

మారినాడా అంటే నాకేం తెలుసమ్మా. బిడ్డ సంగతి సెప్తా. వచ్చిన కొత్తలో జడేద్దామని దువ్వెన ఎత్తితే సాలు, రెండు చేతులూ తలమింద పెట్టుకునేది. నాకు ఏడుపొచ్చేది. నిన్న ఎత్తితే, "పాపిట వంకరేసినావు అవ్వా, మళ్లా తియ్" అని నామిందే కసురుకున్యాది.

కసురుకోనీలే తల్లీ... సల్లగుండండి మీరంతా.