కిట్వేలో మా అమ్మ పేరు

సభాధ్యక్షులు రాజీవ్ గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న చిన్నవాళ్లకు, నా పాత విద్యార్థులకు నమస్కారాలు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇంత మంచులో ఇంతమంది వచ్చారంటే నా మీద ప్రేమే అనుకుంటాను, అవతల గదిలో ఉన్న గుత్తివంకాయ మీద కాదని నమ్ముతాను. (నవ్వులు)

ఇందాక రాజీవ్ గారు నన్ను ‘ప్రకాశం జిల్లా ఆడపడుచు’ అని పరిచయం చేశారు. పోయిన వారం ఫోన్ చేసి, “మేడమ్, ఫ్లయర్‌లో నేటివ్ ప్లేస్ జాంబియా అని వేస్తే మనవాళ్లు కన్‌ఫ్యూజ్ అవుతారు, నాన్నగారి ఊరు పెట్టేశాను, ఏమీ అనుకోరుగా?” అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, నేనూ సరేనన్నాను. కానీ ఈ ఒక్కరోజైనా నా ఊరేదో నన్నే చెప్పుకోనివ్వండి. నేను పుట్టింది కిట్వేలో, జాంబియాకి స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏట. రాగి గనుల ఊరు. కొత్త దేశానికి లెక్కల మేష్టార్లు కావాలంటే మా నాన్న కాంట్రాక్టు మీద వెళ్లారు. వాళ్ల పిల్లలే చదువుకుని మేష్టార్లయ్యాక ఆ కాంట్రాక్టు ఆగిపోయింది. అందులో అన్యాయమేమీ లేదు. “వాళ్ల బడి, వాళ్ల పిల్లలు, మనం తప్పుకోవాలి కదే” అని పెట్టెలు కడుతూ నాన్నే అన్నారు. నేను మాత్రం గేటు పట్టుకుని రానుగాక రానని ఏడ్చాను.

అక్కడ పిల్లలున్న ఆడమనిషిని ఉత్త పేరు పెట్టి పిలవరు, బిడ్డ పేరుతో పిలవడమే మర్యాద. వీధి వీధంతా మా అమ్మని ‘బనా విమల’ అనేది, అంటే విమల తల్లి. ఒంగోలు వచ్చాక ఆవిడ మేష్టారి పెళ్లాం అయింది, పెద్దకోడలు అయింది, వెనకాల ‘ఆఫ్రికావిడ’ అయింది. నేను ఆఫ్రికా పిల్లనయ్యాను. రెంటికీ చెడ్డ రేవడిలా పెరిగాను.

అందుకే కాబోలు, అమెరికా వచ్చి ఇక్కడ కాలేజీలో ఉద్యోగం దొరికాక, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆఫ్రికా దేశాల్లో రాసిన నవలలు పాఠం చెప్పడం పట్టుకున్నాను. వాటిలో జెండా మారుతుంది, వీధుల పేర్లు మారతాయి, పైదేశంలో చదివొచ్చిన కుర్రాడు సొంతింట్లో చుట్టంలా కూర్చుంటాడు. మనవాళ్లు కనిపించినా గల్లాపెట్టె వెనకాల కనిపిస్తారు, పేరుండదు. ఏళ్ల తరబడి ప్రతి పుస్తకంలోనూ మా వీధి కోసం వెతికాను, దొరకలేదు. అయినా సరే, ఆ క్లాసులో ఉన్నంతసేపూ మా ఊళ్లో ఉన్నట్టే ఉండేది నాకు.

ఇదిగో, క్లాసులో మేడమ్ అనవే అన్నా ఆంటీ అనే ఈ దియ, “ఆంటీ, కంట్రీ ఫ్రీ అయింది కదా, హీరో ఎందుకు శాడ్?” అని అడిగింది. “ఫ్రీ అయిందమ్మా, తన ఇల్లేదో అతనికి తెలియట్లేదు” అన్నాను. కాసేపు ఆలోచించి “ఓ, సేమ్” అంది. (నవ్వులు) మీరు నవ్వారు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు దియా.

నాతోపాటు ఆ క్లాసు కూడా రిటైరవుతోంది. చేరేవాళ్లు చాలట్లేదన్నారు. మన పిల్లల్ని పంపండని మిమ్మల్ని ఎంత బతిమాలాను! “దాంతో జాబ్ వస్తుందా అండీ?” అన్నారు. రాదు, నిజమే. కానీ నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు.



మా అమ్మ ఇక్కడే ఆసుపత్రిలో పోయింది. చివర్లో నర్సు ‘మీ పేరేమిటి’ అని అడిగితే ‘బనా విమల’ అంది. కార్డు మీద వేరే పేరుంది కదా అని ఆ అమ్మాయి నా వంక చూసింది. “అదే ఆవిడ పేరు” అన్నాను. పోయేదాకా అలాగే పిలిచింది ఆ నర్సమ్మ, పిలిచినప్పుడల్లా అమ్మ కళ్లు తెరిచింది. ఆ తర్వాత ఏటా క్లాసు మొదటి రోజున ఆ పేరు బోర్డు మీద రాసి, దాని సంగతి చెప్పి, అప్పుడే పుస్తకం తెరిచేదాన్ని. ఇంకెక్కడా అది చెప్పుకునే చోటు నాకు లేకపోయింది.

ఓపికగా విన్నారు, శాలువా కప్పారు, మీ అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. నిన్న ఖాళీ క్లాసు గదిలోకి వెళ్లి బోర్డు మీద అమ్మ పేరు మళ్లీ ఒకసారి రాశాను. చెరపడానికి చెయ్యి రాలేదు, అలాగే వచ్చేశాను. సోమవారం ఎవరో తుడిచేస్తారు, అదెవరి పేరని అడగరు. సెలవు.